వేప్పనపల్లి దారిలో హారన్ మోగకూడని నలభై నిమిషాలు

బయలుదేరే నాటికి మూడు వారాలుగా నా కూతురు నాతో మాట్లాడటం లేదు. అందుకే ఈ ప్రయాణం. హోసూరు చుట్టుపక్కల ఒకటి రెండు రోజుల్లో వెళ్ళి రాగల ఊళ్ళ గురించి ఈ బ్లాగులో రాస్తుంటాను. చదివేవాళ్ళు బస్సు ఎన్నింటికి, టిఫిన్ ఎక్కడ బాగుంటుంది అని అడుగుతారు. అవన్నీ ఈసారి కూడా చెబుతాను, కానీ అసలు సంగతి దాచిపెట్టి బస్సుల వేళలు మాత్రమే రాస్తే మనసొప్పదు. నేను ఒక ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్‌ని. నవంబరు చివర్లో ఒకరోజు సూపర్‌వైజర్ నలుగురి ముందు నన్ను నానా మాటలు అన్నాడు. తప్పు నాది కాదు. అక్కడ నోరు మూసుకొని ఇంటికొచ్చి, కాఫీ చల్లారిపోయిందని చేతిలోని స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాను. అది గోడకు తగిలి ఎగిరి, కింద కూర్చొని బొమ్మకు రంగులు వేసుకుంటున్న మా కీర్తన కనుబొమ్మ మీద పడింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు కుట్లు పడ్డాయి.

కుట్లు వారానికే విప్పేశారు. పిల్ల మాత్రం మారిపోయింది. సాయంత్రం వీధి మలుపులో నా బండి చప్పుడు వినబడితే చాలు, గబగబా లేచి ఇంట్లో కనబడిన గ్లాసులన్నీ ఏరి వంటింట్లో డబ్బాల వెనక పెట్టేస్తుంది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఒకరోజు కిటికీలోంచి అది నా కంటబడింది. ఆ రోజు లోపలికి పోవడానికి కాళ్ళు రాలేదు, చాలాసేపు బండి మీదే కూర్చుండిపోయాను. నా భార్య సుజాత మా మేనమామ కూతురు, నన్ను బావా అనే పిలుస్తుంది. అర్ధ సంవత్సర పరీక్షల సెలవులు మొదలైన రోజు నా ఎదురుగా కూర్చొని, "బావా, పాపకు నువ్వంటే బయం పట్టుకొనింది. నేనెంత చెప్పినా అది పోదు. ఇద్దురూ మీ అక్క ఊరికి పోయి రాండి. నేను జతగా వస్తే నా కొంగు పట్టుకొనే తిరుగుతాది" అంది. సరే అన్నాను. నిజం చెప్పాలంటే నాకు వణుకు పుట్టింది. దారిలో ఎవడో ఏదో అంటాడు, నాకు కోపం వస్తుంది, పక్కన సుజాత ఉండదు. అప్పుడు ఎలా?

గ్లాసు సంగతి తర్వాత ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ పెద్ద పెద్ద మాటలేమీ చెప్పలేదు. "కోపం వచ్చాక దాన్ని పట్టుకోవడం కష్టం. అది వచ్చే ముందు మీ ఒంట్లో ఏదో ఒక చోట మొదలవుతుంది. ఆ చోటు కనిపెట్టండి" అంది. కనిపెట్టాను. ముందు చెవులు వేడెక్కుతాయి. తర్వాత దవడ బిగుస్తుంది. ఆ తర్వాత ఏం చేస్తానో నాకే తెలియదు. అప్పటినుంచి చెవులు కాస్త వెచ్చబడినా భయం వేస్తోంది, ఒంట్లో దొంగ దూరినట్టు.

మా అక్క ఊరు వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోయే దారిలో, ఆంధ్రా సరిహద్దు దగ్గర ఉంటుంది. హోసూరు నుంచి పోవాలంటే కృష్ణగిరి బస్సెక్కి, శూలగిరి దాటాక కుందారపల్లిలో దిగితే అక్కడినుంచి వేప్పనపల్లికి బస్సులు దొరుకుతాయి. ఉదయం ఆరుంబావుకు హోసూరు బస్టాండులో ఒక బస్సెక్కి, కుందారపల్లిలో ఆపుతారా అని కండక్టరును అడిగాను. ఆపుతామన్నాడు. టికెట్టు యాభైకి లోపలే. కీర్తన కిటికీ పక్కన కూర్చుంది, నాకూ తనకూ మధ్య సంచీ పెట్టుకుంది. బయట డిసెంబరు మంచు, హైవే మీద లారీల ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనబడటం లేదు. శూలగిరి దాటాక నేను లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. బస్సు కింది రోడ్డుకు దిగకుండా నేరుగా బ్రిడ్జి ఎక్కేసింది. కుందారపల్లి కింద ఉండిపోయింది.

"ఆపుతానంటివి కదప్పా" అన్నాను.

"దిగేది మీరిద్దరే. ఇద్దరి కోసం కిందికి దిగితే టైమవుతాది. కృష్ణగిరిలో దిగి వెనక్కి పోండి" అన్నాడు కండక్టరు, నా మొహం కూడా చూడకుండా.

చెవులు వేడెక్కాయి. "ఏమనుకుంటాండావు నువ్వు" అని గొంతు లేచింది. బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి, ఒక్క తల తప్ప. కీర్తన కిటికీకి అతుక్కుపోయి, భుజాలు రెండూ చెవుల దాకా ముడుచుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని ఉంది. దెబ్బ పడబోతుందని తెలిసిన పిల్లలు అలా కూర్చుంటారు. నా నోట్లో మిగిలిన మాటలు అక్కడే ఎండిపోయాయి. వచ్చి సీట్లో కూర్చున్నాను. కృష్ణగిరి వచ్చేవరకు ఇద్దరం కిటికీలోంచి మంచునే చూశాం.

కృష్ణగిరి బస్టాండుకు ఏడున్నరకు చేరాం. బస్టాండు ఎదుట సందులో ఒక అమ్మ పొయ్యి పెట్టుకొని ఇడ్లీలు వేస్తుంది. ఇద్దరికి కడుపునిండా తింటే అరవై రూపాయలు. పల్లీల చట్నీ కారంగా ఉంటుంది, పిల్లలుంటే ముందే చెప్పండి. ఆమె కీర్తన కనుబొమ్మ మీది మచ్చ చూసి, "ఏమైంది తల్లీ, యాడ పడినావు?" అని అడిగింది. పిల్ల నా వైపు చూసి, వెంటనే తల దించుకొని, "మెట్ల మీద పడినాను" అంది. నన్ను కాపాడటానికి చెప్పిందో, నాకు జడిసి చెప్పిందో తెలియలేదు. రెండో ఇడ్లీ ప్లేటులోనే వదిలేసి డబ్బులిచ్చాను.

ఎనిమిదికి వేప్పనపల్లి బస్సు దొరికింది. వచ్చిన దారినే కుందారపల్లి దాకా పోయి కుడివైపు తిరుగుతుంది. అక్కడినుంచి హైవే మోత ఆగిపోయి, రెండు పక్కలా మామిడి తోటలు, కోసి కుప్పలు వేసిన రాగిచేలు మొదలవుతాయి. బస్సులోని మాటలు కూడా మెల్లమెల్లగా తెలుగులోకి మారిపోతాయి. మా వెనక సీట్లో ఇద్దరు రైతులు ఏనుగుల గురించి మాట్లాడుకుంటున్నారు. రాగికోతల కాలంలో అడవి నుంచి అవి ఇటు రావడం మాకు కొత్త కాదు. మా అక్క కూడా ముందురోజు ఫోనులో, "గుట్ట పక్కన ఐదు తిరుగుతాండాయంట, పగలు పూటే రాండి" అని చెప్పింది. పగలే కదా పోతున్నాం అనుకున్నాను.

వేప్పనపల్లిలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అక్క ఊరి వైపు షేర్ ఆటోలు పోతాయి, మనిషికి ముప్పై. ఆటో నడిపే మునిరాజుకు యాభై దాటి ఉంటాయి, తలకు మఫ్లర్ చుట్టుకొని ఉన్నాడు. కూతురింటి నుంచి తిరిగి పోతున్న గంగమ్మ అనే ముసలామె అప్పటికే వెనక కూర్చొని ఉంది. కీర్తన ఆమె పక్కన కూర్చుంది, నేను ఈ చివర కూర్చున్నాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. నాలుగైదు కిలోమీటర్లు పోయాక రోడ్డు ఒక గుట్టను చుట్టి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో మునిరాజు ఆటో ఆపి, చప్పుడు లేకుండా ఇంజను ఆపేశాడు.

"గమ్మునుండండి" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "ముందర చూడండి."

ముందు మంచు తప్ప ఏమీ కనబడలేదు నాకు. తర్వాత ఆ మంచులో ఒక ముక్క కదిలింది. చెవి. ఆటోకు యాభై అడుగుల దూరంలో, రోడ్డు అంచున, రాగిచేనులోంచి వచ్చిన ఏనుగు ఒకటి నిలబడి ఉంది. దాని కాళ్ళ మధ్య పిల్ల ఏనుగు. వెనక చేనులో ఇంకా మూడు. అవతలి పక్క గుట్ట మీదికి ఎక్కాలని చూస్తున్నాయి. అంత పెద్ద జంతువులు, అడుగు చప్పుడు కూడా లేదు. రాగి కాడలు విరిగే చిటచిట మాత్రం వినబడుతోంది.

"వెనక్కి తీస్తే?" అని గొణిగాను.

"స్టార్టు చేస్తే సత్తమవుతాది, ఇంజను మోత దానికి పడదు. పిల్ల ఉండాది దానికి. కదలకండప్పా. వాటంతట అయ్యే పోతాయి."

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఒకటి రోడ్డెక్కుతుంది, ఆగుతుంది, మళ్ళీ చేనులోకి దిగుతుంది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. కీర్తన వైపు చెయ్యి చాపాను. తను నా చేతిని చూసింది, చూసి గంగమ్మ ఒడిలోకి జరిగింది. ఏనుగు ఎదురుగా ఉన్నా నా బిడ్డ నా దగ్గరికి రాలేదు. ఆ క్షణం నాకు ఏనుగు గుర్తు లేదు.

అప్పుడే వెనక నుంచి ఒక కారు వచ్చి ఆగింది. మలుపు కావడంతో ఆ కారులో ఉన్నతనికి ముందున్నవి కనబడవు, రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయిన ఆటో ఒక్కటే కనబడుతుంది. హారన్ కొట్టాడు. ఒకసారి కాదు, వదలకుండా. ముందు తల్లి ఏనుగు తల ఇటు తిప్పింది. మునిరాజు మొహంలో నెత్తురు లేదు. "పోయి ఆపప్పా ఆయన్ని. పరిగెత్తద్దు. నేను బండి విడిచేదానికి లేదు" అన్నాడు.

దిగాను. ఏనుగుకు వీపు చూపించి నడవడమంటే ఏమిటో మాటల్లో చెప్పలేను. పరిగెత్తకుండా ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ పోయాను. కారు ముప్పై అడుగుల దూరం కూడా లేదు, నాకు అది ఒక ఊరంత దూరమైంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ముప్పై ఏళ్ళ మనిషి అప్పటికే దిగి నా మీదికి వస్తున్నాడు.

"రోడ్డు మీ తాతదా? తియ్యి బండి" అని నా రొమ్ము మీద చెయ్యి వేసి తోశాడు.

చెవులు భగ్గుమన్నాయి. దవడ బిగిసింది. నా కుడిచెయ్యి పిడికిలి కావడం నాకు తెలుస్తూనే ఉంది, అది నాది కానట్టు దూరం నుంచి చూస్తున్నాను. సూపర్‌వైజర్ మొహం, కండక్టర్ మొహం, ఈ మొహం అన్నీ కలిసిపోయాయి. ఇంకొక్క రెప్పపాటు గడిచి ఉంటే ఆ గుట్ట మారుమోగేలా అరిచేవాణ్ణి. వెనక ఆటోలోంచి చాలా చిన్న గొంతు వినబడింది.

"నాన్నా, అరవద్దు."

మూడు వారాల తర్వాత నా కూతురు నాతో అన్న మొదటి మాట అది. పిడికిలి వదులైంది. నేను వదిలానని చెప్పుకోను, దానంతట అది వదులైంది. ఊపిరి నెమ్మదిగా వదిలి, ఆ మనిషి చెవి దగ్గరికి వంగి, "అప్పా, ముందర ఏనుగులుండాయి. పిల్లతో ఉండాయి. ఆ ఆటోలో నా బిడ్డ ఉండాది. నీకు దండం పెడతా, హారన్ కొట్టద్దు" అన్నాను. రెండు చేతులూ జోడించాను. అతను నా భుజం మీదుగా చూశాడు. దిగి నిలబడితే మలుపు అవతల కనబడుతోంది, మంచు కూడా కొంచెం పలచబడింది. చూసిన మనిషి చూసినట్టే కారు చక్రం పక్కన కూలబడిపోయాడు.

నేను వెనక్కి తిరిగేసరికి తల్లి ఏనుగు ఆటో వైపు నడిచి వస్తోంది. పరిగెత్తడం లేదు, పది పన్నెండు అడుగులు గబగబా వేసి ఆగింది. చెవులు విప్పి, తొండం ఎత్తి గాలి వాసన చూస్తోంది. ఆటోకూ దానికీ మధ్య పదిహేను అడుగులుంటాయేమో. నా బిడ్డ అందులో ఉంది, నేను ఇక్కడ ఉన్నాను. కాలు ముందుకు పడబోయింది. మునిరాజు తల తిప్పకుండానే, సీటు పక్క నుంచి అరచెయ్యి నాకు కనబడేలా చాపాడు. రావద్దు. గంగమ్మ పాప తలను తన ఒడిలోకి అదిమిపెట్టి, మీద తన చీర కొంగు కప్పేసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు.

నా బతుకులో కదలకుండా నిలబడటం ఎప్పుడూ అంత కష్టం కాలేదు. అరవాలి, రాయి విసరాలి, ఏదో ఒకటి చెయ్యాలి అని ఒళ్ళంతా పోరుతోంది. ఏది చేసినా పాపకే ముప్పు. నిలబడ్డాను. ప్యాంటు అంచును రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాను. కళ్ళలో చెమట పడి మండుతున్నా తుడుచుకోలేదు. ఎంతసేపటికో రోడ్డు మీద పిల్ల ఏనుగు సన్నగా అరిచింది. తల్లి తల వెనక్కి తిప్పింది. తొండం దించింది. నెమ్మదిగా వెనక్కి పోయి, పిల్లను ముందు తోసుకుంటూ గుట్ట ఎక్కింది. మిగిలిన మూడూ దాని వెనక పోయాయి. తర్వాత కూడా మునిరాజు చాలాసేపు బండి తీయలేదు. ఇంజను స్టార్టు చేసినప్పుడు ఫోనులో టైము చూస్తే పది. ఆటో ఆగి నలభై నిమిషాలైంది.

కారతను నా దగ్గరికి వచ్చి, "కుప్పంలో రైలుంది, దాని తొందరలో..." అని ఏదో చెప్పబోయి ఆపేశాడు. నేను తల ఊపాను. అతని మీద ఒక్క మాట కూడా అనాలనిపించలేదు. అరిచినప్పుడు వాడు పొగరుబోతులా కనబడ్డాడు. చక్రం పక్కన కూర్చున్నప్పుడు చూస్తే రైలు పోతుందని హడలిపోయిన మనిషి. గ్లాసు విసిరిన రోజు నా మనసు ఎవరైనా విప్పి చూసి ఉంటే, ఉద్యోగం పోతుందేమోనన్న భయం తప్ప లోపల ఏం కనబడేది కాదు.

ఆటో నడుపుతూ మునిరాజు అన్నాడు, "ఆయన అన్నదానికి నీకు కోపం రావడం న్యాయమే అప్పా. కానీ ఏనిగకు న్యాయం తెలీదు. సత్తమే తెలుస్తాది." గంగమ్మ నా వైపు తిరిగి, "పిల్లోళ్ళూ అంతే" అని మాట కలిపింది. ఆమెకు మా ఇంటి సంగతి ఎవరూ చెప్పలేదు.

అక్క ఇంట్లో ఆ పూట రాగిముద్ద, మునగాకు పులుసు. అక్కకు కథంతా కీర్తనే చెప్పింది, ఏనుగు తొండం ఎంత పొడుగో చేతులు చాపి మరీ చూపించింది. మధ్యాహ్నం గొర్రెల దొడ్డి దగ్గర ఎండలో కూర్చొని ఉన్నాను. పాప వచ్చి నాకు కొంచెం దూరంలో గోడ మీద కూర్చుంది.

"ఆ కారాయన తోసినప్పుడు నీకు కోపం రాలేదా నాన్నా?"

"వచ్చింది."

"మరి ఎందుకు అరవలేదు?"

"ఏనుగుంది కదమ్మా. బయమేసింది."

ఒక గొర్రెపిల్ల వచ్చి పాప గౌను అంచు నములుతుంటే దాన్ని మెల్లగా పక్కకు తోసింది. తర్వాత నా వైపు చూడకుండానే, "మనింట్లో ఏనుగుండదు కదా" అంది.

అబద్ధం చెప్పదలచుకోలేదు. "ఇంక అరవనని చెప్పలేనమ్మా. చెవులు వేడెక్కితే నీకు చెబుతాను. చెప్పి బయటికి పోతాను. చల్లబడినాక వస్తాను" అన్నాను. "గ్లాసు విసిరింది నా తప్పు. మెట్లది కాదు." పాప తల ఊపింది. నమ్మానని కాదు, విన్నానని. ఆ పూట అంతే మాట్లాడింది.

మరుసటి రోజు మధ్యాహ్నం బస్సులోనే వెనక్కి వచ్చేశాం. ఇది జరిగి ఇరవై రోజులైంది. ఈ ఇరవై రోజుల్లో నాలుగుసార్లు "నాకు చెవులు వేడెక్కుతున్నాయి" అని చెప్పి వీధి చివరి దాకా నడిచి వచ్చాను. మొదటిసారి నాకే సిగ్గేసింది, సుజాత నవ్వాపుకుంది. ఒకసారి చెప్పడం మరిచి గొంతు పెంచాను, పాప ఆ రోజంతా మాట్లాడలేదు. కష్టాలు తగ్గలేదు, సూపర్‌వైజర్ మారలేదు. మంచి జరుగుతుందని నమ్మడమంటే అన్నీ చక్కబడతాయనుకోవడం అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు నాకు తోచేది వేరు. ఎదురుగా ఏముందో అది పోయేవరకు దాని మీదికి దూకకుండా నిలబడగలను అన్న ధైర్యమే నాకు చాలు. ఆ గుట్ట మలుపులో ఒక్కసారి నిలబడ్డాను కాబట్టి నా వల్ల అవుతుందని తెలుసు. మునిరాజుకు అది అలవాటైన పని, నేను నిలబడింది ఒక్కసారే. అందుకే నా భయం ఇంకా పోలేదు, ఆ భయమే నన్ను ఆపుతోంది కాబట్టి పోవాలని కూడా ఇప్పుడు అనుకోవడం లేదు.

ఆ దారిలో పోయేవాళ్ళకు ఒక్క మాట. రాగికోతల నెలల్లో వేప్పనపల్లి బస్టాండులో దిగగానే టీకొట్టు దగ్గర ఏనుగులు ఎటు తిరుగుతున్నాయని అడిగి, మంచు పూర్తిగా విడిచాకే గుట్ట దారి పట్టండి. అయినా ఎదురైతే ఇంజను ఆపేసి, ఫోను లోపల పెట్టి, హారన్ మీది చెయ్యి తీసేయండి. పక్కన పిల్లలుంటే మీకూ భయంగానే ఉందని వాళ్ళకు మెల్లగా చెప్పండి. నేను ఆ రోజు ఆ మాట ముందే చెప్పి ఉంటే, నా కూతురు గంగమ్మ ఒడిలోకి కాక నా వైపే జరిగేదేమో.